వెనక ప్లగ్గుకు పెట్టిన కుంకుమ

మొన్న బ్రూస్‌పేటలో ఒక మెకానిక్ కారు స్పార్కు ప్లగ్గులను పెట్రోలులో కడుగుతుంటే, ఆ వాసనకు మా మామ గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు, అమ్మ తమ్ముడైన మామకు కారు సామాన్ల అంగడి ఉండేది. "ఆయుధ పూజ వస్తాంది, బాగా రుద్దురా అల్లుడా" అంటూ నా చేత పాత ప్లగ్గులన్నీ తళతళలాడించాడు. భక్తి కొద్దీ నేను ఒక్కోదానికీ కుంకుమ కూడా పెట్టాను.

పండగయ్యాక మా కారుకు మామే కొత్త ప్లగ్గులు ఇచ్చి, అంగట్లోని కుర్రాడి చేత పెట్టించాడు. వారం తిరక్కుండానే బండి దగ్గి దగ్గి ఇంటి ముందే ఆగిపోయింది. ఇంజనులో వెనక ప్లగ్గు దాకా పెద్దల చెయ్యి దూరదు కాబట్టి నేనే తీశాను. దాని పింగాణీ మీద నా కుంకుమ!

"నాయనా, ఇవి నేను రుద్దిన పాతవే!" అని అరిచాను.

బండిని చూడ్డానికి వచ్చిన మామ పకపకా నవ్వాడు. "కాలవలో ఏనుగంత మొసలిని చూసినా అన్నోడు ఈడే కదా బావా! ఈని మాట నమ్ముతావా?"

నాన్న ప్లగ్గు అందుకున్నాడు. వాకిట్లో నిలబడిన అమ్మ వైపు ఒకసారి చూసి, బొటనవేలితో కుంకుమ తుడిచేశాడు. "అబద్ధాలు చెప్పొద్దురా" అన్నాడు.

అమ్మ తలవంచుకోకూడదనే అలా అన్నాడని ఇప్పుడు తెలుసు. మొసలి సంగతి అబద్ధమేనని ఒప్పుకుంటాను. కానీ ఆ పూట అన్నం కలుపుతున్న నాన్న బొటనవేలికి ఎరుపు ఇంకా అంటుకునే ఉంది.