దుమ్ము తుడవని వస్తువు

తొమ్మిదేళ్లపాటు ఆమె రోజూ గుమ్మం దగ్గర ఆగి తన గుడ్డసంచి బోర్లించి చూపించింది. చూపించమని ఎవరూ గట్టిగా అడగలేదు. మొదటి నెలలో ఒకసారి టీచరమ్మ, "ఏమీ అనుకోకు, వెళ్లేటప్పుడు సంచి చూడటం అందరి ఇళ్లలోనూ ఉన్నదే," అంది. అంతే. ఆ మర్నాటి నుంచి ఆమే సంచి తిరగేసి విదిలించేది. టిఫిన్ డబ్బా మూత తీసేది. కొంగు ముడి విప్పేది. టీచరమ్మ ఒక్కోసారి చూసేది, ఒక్కోసారి ఫోన్లో మాట్లాడుతూ చూడకుండానే తలూపేది. చూడని రోజు కూడా సంచి తిరగబడేది. మనిషి దేనికైనా అలవాటు పడుతుందంటారు. ఆ అలవాటు ఎవరికి సుఖమో మాత్రం చెప్పరు.

మనిషి సన్నగా ఉంటుందని వీధిలో అందరూ పుల్లక్క అనేవాళ్లు. ఆమె మూడిళ్లలో పని చేసేది. అన్నిటికంటే పెద్దది టీచరమ్మ ఇల్లు: కింద నాలుగు గదులు, ఒక సామాన్ల గది. టీచరమ్మ రిటైరై చాలా కాలమైంది, ఒక్కతే ఉండేది. ఆమెకున్న బంగారం నాలుగుపేటల గొలుసు, రెండు గాజులు, ఒక ఉంగరం, ఒక జత కమ్మలు. దొంగలు ముందు బీరువానే పగలగొడతారని టీవీలో ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ఆ బంగారానికి కాళ్లొచ్చాయి. కొన్నాళ్లు పిండి డబ్బాలో ఉండేది. కొన్నాళ్లు కర్టెన్ రాడ్డు గొట్టంలో. ఒకసారి పోయిన భర్తగారి బూట్లలో.

దాచే వేళకి పుల్లక్కని పెరట్లోకి పంపేది.

"బట్టలు ఆరాయేమో చూసి రావే."

"ఇప్పుడేగా ఆరేశాను అమ్మగారూ. ఇంకా నీళ్లు కారుతున్నాయి."

"అయితే కారడం ఆగిందేమో చూసి రా."

పుల్లక్క వెళ్లి తడి బట్టల మధ్య కాసేపు నిలబడి వచ్చేది. అలా పంపిందంటే బంగారం చోటు మారిందని అర్థం. ఎక్కడికి మారిందో తెలుసుకోవాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ రోజూ తుడిచే చేతికి ఇంట్లో తెలియని మూల ఉండదు. నిన్న తేలిగ్గా లేచిన డబ్బా ఇవాళ బరువుగా ఉంటుంది. దుమ్ము మీద నాలుగు వేళ్ల ముద్ర పడి ఉంటుంది. అది తెలిసిన రోజు నుంచి ఆ వస్తువు జోలికి పోయేది కాదు. దాని చుట్టూ తుడిచి దాన్ని వదిలేసేది. అలా అద్దంలా మెరిసే ఆ ఇంట్లో దుమ్ము పట్టిన వస్తువు ఎప్పుడూ ఒక్కటే ఉండేది, బంగారం ఉన్నది. టీచరమ్మ కంట అది పడలేదు. దుమ్ము తుడవని వాళ్లకి దుమ్ము కనపడదు.

తెలుసన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అందుకు కారణం ఉంది. పక్కింటి పై అంతస్తులో పనిచేసిన ఒకామె, ఇంటావిడ వెతుకుతున్న ఉంగరాన్ని సింకు వెనక నుంచి తీసి ఇచ్చింది. "అంత తొందరగా ఎలా దొరికింది నీకు?" అన్నారు. వారం తిరక్కుండా మాన్పించారు. ఈ పనిలో పోయిన వస్తువు ఎంత ప్రమాదమో దొరికిన వస్తువూ అంతే.

టీచరమ్మకి కంట్లో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గర పది రోజులుండి వస్తానంది. వెళ్లేముందు రోజు పుల్లక్కని రెండుసార్లు పెరట్లోకి పంపింది. మర్నాడు సామాన్ల గది తుడుస్తుంటే, ఎప్పుడో కాలిపోయిన స్టెబిలైజర్ డబ్బా గోడ నుంచి జానెడు ఇవతలికి జరిగి కనిపించింది. వెనక రేకు స్క్రూల మీద కొత్త గీతలు. పుల్లక్క దాన్ని తుడవకుండా వదిలేసింది.

మూడో రోజు టీచరమ్మ కొడుకు వచ్చాడు. అమ్మ కళ్లు తెరిచేసరికి ఇల్లు మెరిసిపోవాలని రంగులు వేయించడానికి మనుషుల్ని పెట్టాడు. మంచివాడే. తల్లి మీద ప్రేమతోనే సామాన్ల గదంతా ఖాళీ చేయించి పాత ఇనుము బండిని పిలిచాడు.

విరిగిన కుర్చీలు వెళ్లాయి, తుప్పు పట్టిన బకెట్లు వెళ్లాయి. బండివాడు స్టెబిలైజర్ ఎత్తాడు.

"బాబుగారూ, అది ఉండనివ్వండి," అంది పుల్లక్క.

"ఎందుకు? అది చచ్చి పదేళ్లయింది."

"అమ్మగారు ఉంచమన్నారు."

"ఎప్పుడన్నారు?"

పుల్లక్క చీపురు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. అతను నవ్వాడు. "చచ్చిన స్టెబిలైజర్‌కి కూడా సిఫార్సులా? నువ్వు కూడా మా అమ్మలాగే తయారయ్యావు. ఏదీ పారేయనివ్వరు మీరు."

నాలుక చివర ఉన్న మాట ఒక్కటే. అందులో బంగారం ఉంది. ఆ మాట అంటే, నీకెలా తెలుసు అంటారు. అనకపోతే బంగారం పోతుంది, పోయాక మొదట గుర్తొచ్చేది ఆమే. మూడిళ్ల పనీ ఒక్క మంచిపేరు మీద నిలబడి ఉంది. ఎటు అడుగేసినా పోయేది అదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటాం మనం, ఊరికే అనేస్తాం. ఆమె ఆ రెంటి మధ్యా చీపురు పట్టుకుని నిలబడింది. బండి వెళ్లిపోయింది.

పని ముగించుకుని టీచరమ్మకి ఫోన్ చేసింది. కూతురు ఎత్తింది.

"అమ్మగారితో ఒక్క మాట చెప్పాలమ్మా."

"అడ్వాన్సు కావాలా?"

"కాదమ్మా. అమ్మగారికే చెప్పాలి."

"కంటికి పట్టీ ఉంది. కంగారు పెట్టకూడదన్నారు డాక్టరు. వచ్చాక చెప్పుకో." ఫోన్ పెట్టేసింది.

రెడీమేడ్ చొక్కాలకి గుండీలు కుట్టే తన కూతురికి ఇంటి దగ్గర సంగతంతా చెప్పింది. ఆ పిల్ల దారం పళ్లతో కొరుకుతూ అంది: "నోరు మూసుకుని కూర్చో అమ్మా. వాళ్లు దాచుకున్నారు, వాళ్లే అమ్ముకున్నారు. మధ్యలో నీకేంటి?"

"పోయాక పోలీసులొచ్చేది మన గుమ్మంలోకే కదే."

"చెప్పినా వస్తారు."

ఆ రాత్రి పుల్లక్క ఏడ్చిందా అంటే లేదు. అన్నం తిన్నానో లేదో ఇప్పుడు గుర్తు లేదంటుంది.

ఆ బండి సామానంతా చేరే పాత ఇనుము కొట్టు ఓనర్ని వీధిలో తక్కెడ తాత అంటారు. మర్నాడు పొద్దున్నే పుల్లక్క వెళ్లేసరికి స్టెబిలైజర్ కుప్ప మీదే ఉంది.

"కొంటావా?" అన్నాడు తాత.

"వద్దు. నా చేతికివ్వకు. ఎవరికీ ఇవ్వకు. అమ్మగారు వచ్చేదాకా పక్కన పెట్టు."

"ఇవాళ పగలగొట్టి దాంట్లోంచి రాగి తీయాలి. ఏముందమ్మా అందులో, నిధా?"

"పోయిన అయ్యగారు కొన్నది. అమ్మగారికి జ్ఞాపకం."

"పనిచేసే మొగుణ్ణే మర్చిపోతున్నారు ఈ రోజుల్లో. పనిచేయని డబ్బా జ్ఞాపకమా!" తాత నవ్వి దగ్గాడు. "ఊరికే అడ్డం పెట్టుకోమంటే ఎలా? నా చోటు పోదూ?"

"రోజూ వచ్చి నీ కొట్టు తుడుస్తాను."

తాత ఆమె వంక ఓ క్షణం చూశాడు. నీ గొడవ నాకెందుకులే అనుకున్నట్టున్నాడు, డబ్బాని అటక మీదికి ఎక్కించాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్లొచ్చు కదా అనిపిస్తుంది చదివేవాళ్లకి. అది ఆమె ఇంట్లో దొరికితే ఏమంటారో ఆమెకి తెలుసు. అందుకే ముట్టుకోలేదు. ఇనుప రజను, నూనె మరకలు, పగిలిన గాజు. వారం రోజులు ఆ కొట్టు ఊడ్చింది. ఊడ్చే ముందోసారి, ఊడ్చాకోసారి అటక వంక చూసేది. వేళ్లు తెగినా తెలిసేది కాదు.

టీచరమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దిగింది. కొడుకు గోడలు చూపిస్తుంటే తిన్నగా సామాన్ల గదిలోకి నడిచింది. కొత్త రంగు గోడ, ఖాళీ మూల.

ఆమె నోరు తెరవకముందే పుల్లక్క అంది: "తక్కెడ తాత కొట్లో అటక మీద ఉందమ్మగారూ. ఎవరూ విప్పలేదు."

కొడుకు బండి మీద వెళ్లి తెచ్చాడు. స్క్రూలు తీశారు. లోపల మేజోడు, మేజోట్లో గొలుసు, గాజులు, ఉంగరం, కమ్మలు. టీచరమ్మ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి కొత్త కంటితో ఒక్కొక్కటీ చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు తిరిగి చూసింది.

"నీకెలా తెలుసే?"

"దుమ్ము తుడుస్తాను కదమ్మగారూ."

"పిండి డబ్బాలో పెట్టినప్పుడు?"

"తెలుసండి."

"కర్టెన్ రాడ్డు?"

"తెలుసండి."

"బూట్లు?"

"వాటిలో నాలుగు నెలలే ఉంచారు."

కొడుకు పకపకా నవ్వాడు. "చూశావా అమ్మా, నీకంటే ఆవిడకే బాగా గుర్తుంది. ఆవిడ వల్లే దొరికాయి."

"అదేరా నా భయం," అంది టీచరమ్మ.

కొడుకు ఇంకేదో అనబోయి, తల్లి కంటికి ఒత్తిడి కాకూడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆ ఇంట్లో న్యాయం పలికే అవకాశం ఉన్న నోరు అదొక్కటే. అది కూడా మూసుకుంది.

టీచరమ్మ చెడ్డది కాదు. మెత్తగానే చెప్పింది. "నీ మీద నాకు అనుమానం లేదే. తొమ్మిదేళ్లలో గుండుసూది పోలేదు. కానీ ఇక నాకు నిద్ర పట్టదు. రేపట్నుంచి రాకు." నెల జీతం పూర్తిగా ఇచ్చింది. ఒక చీర కూడా పెట్టింది.

పుల్లక్క "సరేనండి" అంది.  తొమ్మిదేళ్లు నమ్మకంగా ఉన్నదాన్ని పంపించడానికి దొరికిన నేరం ఆ నమ్మకమే. దీన్ని ఏ కోర్టులో పెడతారు?

మాట వీధిలో పాకింది. టీచరమ్మ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. "దానికి ఇంట్లో అన్నీ తెలుసు," అని మాత్రం అంది. చివరింటివాళ్లు ఆ నెలాఖరుకి వద్దన్నారు. మేడమీది వాళ్లు బంధువులొస్తున్నారని చెప్పి ఆపేశారు, ఆ బంధువులు ఇప్పటికీ రాలేదు. ఇవాళ పుల్లక్క ఒక ఆఫీసు భవనం మెట్లు కడుగుతుంది. ఆరు అంతస్తులు. మోకాళ్లు వాచాయి. ఇళ్లలో పనికి మళ్లీ వెళ్లాలని అడుగుతూనే ఉంది. ఎక్కడ అడిగినా, "ఇంతకుముందు ఎక్కడ చేశావు?" అంటారు. చెబితే ఫోన్ చేస్తారు. ఫోన్లో అదే మాట వినిపిస్తుంది. కోపం రాలేదా అంటే, "ఏమో, రావాలనే ఉంటుంది," అంటుంది, బకెట్ మరో మెట్టు కిందికి దించుతూ.

మీ బంగారం మీ ఇష్టం. బ్యాంకు లాకరులో పెట్టుకోండి, గోడలోకి బిగించిన పెట్టెలో పెట్టుకోండి. "ఈ తలుపు తాళం నా దగ్గరుంటుంది, ఇది నువ్వు తుడవక్కర్లేదు" అని పనిమనిషి ముఖం మీదే చెప్పండి, అందులో అవమానం లేదు. ఎక్కడ పెట్టారో మీ ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. కానీ ఇంటిని దాగుడుమూతల ఆటగా మార్చి, ఆ ఆట చూసినందుకు ఒక మనిషి కూడు తీయకండి. తప్పు లేకుండా పని మాన్పించాల్సి వస్తే, ఇన్నేళ్లలో ఏమీ పోలేదని రెండు వాక్యాలు కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. పుల్లక్కకి ఇవాళ కావాల్సింది ఆ కాగితమే, చీర కాదు.

ఎప్పుడైనా మీ ఫోన్లోకి, మీ మెట్ల మీదికి, మీ వీధి చివరి కబుర్లలోకి ఈ మాట వస్తుంది: "ఆవిడ్ని పెట్టుకోకండి, ఆవిడకి అన్నీ తెలుసట." అప్పుడు తలూపకండి. "ఏం పోయింది?" అని అడగండి. జవాబు చెప్పేదాకా వదలకండి. ఏమీ పోలేదని వాళ్ల నోటితోనే వాళ్లు చెప్పాక, ఆ మనిషిని మీ ఇంటికి పిలిచి పని ఇవ్వండి.