అక్క జాగలో చెల్లెలు

నాచారంలో మా బడి గోడ దాటితే అన్నీ ఫ్యాక్టరీలే. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. నా గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దదని పిల్లలు చాటుగా అనుకుంటారు. అనుకోనీ.

పోయిన ఏడాది ఒకరోజు హాజరు పిలుస్తుంటే, లెక్కల్లో అందరికన్నా చురుకైన అమ్మాయి పేరుకు ఏదో సన్నటి గొంతు పలికింది. చూస్తే ఆ చోట్లో ఆమె చెల్లెలు కూర్చుని ఉంది. పక్క ప్రైమరీ బడిలో మూడో తరగతి పిల్ల. కాళ్లు నేలకు ఆనడం లేదు.

"నువ్వేందే ఈడ?"

"అమ్మ కూసోమన్నది టీచర్. అక్క కంపెనీకి పోయింది."

ఒళ్లు మండిపోయింది నాకు. సాయంత్రం ఆ పిల్లను వెంటబెట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను. తల్లి నడుము పట్టేసి మంచం మీద పడి ఉంది. ఊదుబత్తీలు ప్యాక్ చేసే కంపెనీలో ఆమె పని. అక్కడ ఒకరు రాలేకపోతే ఇంట్లోవాళ్లలోనే ఇంకొకరు వెళ్లి ఆ చోట్లో కూర్చోవాలి, లేదంటే పని బయటివాళ్లకు పోతుంది. అందుకని పెద్దదాన్ని తన బదులు పంపింది. పెద్దదాని బదులు చిన్నదాన్ని బడికి పంపింది.

"దాని సదువు ఖరాబు కావొద్దనే జేసిన టీచర్. జాగ ఖాళీగుంటే పేరు తీసేస్తరు గదా?" అంది.

తిడదామనే వెళ్లాను. ఎంత ప్రేమగా చేసింది, పిచ్చితల్లి! "బదులు కూసుంటే సదువు రాదమ్మా," అని మెల్లగానే చెప్పాను. మెల్లగా ఎంతసేపుంటాను? "రేపు పెద్దది బడికి రాకుంటే నేనూరుకోను," అని కూడా అనేశాను.

"పంపిస్త టీచర్. ఫికర్ జెయ్యకుండ్రి," అంది.

మర్నాడు పెద్దది వచ్చింది. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఉత్సాహంగా బోర్డు మీద లెక్క వేశాను. అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల తలే ఎత్తలేదు. దగ్గరికెళ్లి చూస్తే ఏడుస్తోంది.

"ఏమైందమ్మా? అమ్మకు తగ్గలేదా?"

"తగ్గలే టీచర్. కంపెనీకి చెల్లెను తోలింది."

ఎనిమిదేళ్లు కూడా లేవు దానికి.

"అన్నం బెల్లు గొట్టంగనే నన్ను ఇడిసిపెట్టుండ్రి టీచర్," అంది ఆ పిల్ల, నా కొంగు పట్టుకుని. "దానికింకా పని రాదు. కొడతరు."