ఖావో, మణీ

మన దీవిలోని జంగ్లీఘాట్ పేటలో మా పక్కింటి తాత పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. మనసు కుదుటపడ్డాక నెమ్మదిగా రాయవలసిన మాటలివి. కానీ ఆయన పిల్లికి అంత వ్యవధి లేదు. ఈ నెలాఖరుకు ఆ ఇంటికి తాళం పడుతుంది. అందుకే ఈ పత్రికకి ఇప్పుడే రాస్తున్నాను.

ఆ ఉదయం నేను డైరీ ఫార్మ్ అనే పేటలో, పనిచేసే చోట ఉన్నాను. నాన్న ఫోన్ చేశాడు. "తాత ఎల్లిపోనాడమ్మా. వల కుడతా కుడతా అలాగే గోడకి జారబడిపోనాడు. పిల్లి ఒళ్ళోంచి దిగట్లేదు, నువ్వు రా" అన్నాడు. నేను వెళ్ళేసరికి నలుగురు మనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. తెల్లటి పిల్లి ఆయన లుంగీని గోళ్ళతో పట్టుకుని ఉంది. ఒక్కో గోరూ నేనే విడదీశాను.

దాని పేరు మణి. దాని తల్లి పేరూ మణే, అమ్మమ్మ పేరూ మణే. తాత పడుచుతనంలో, దొంగతనంగా మన దీవుల నీళ్ళలోకి వచ్చిన ఒక థాయ్ పడవను పట్టుకుని జెట్టీకి కట్టేశారట. అందులోవాళ్ళకి మంచినీళ్ళు మోసిన కూలీల్లో తాత ఒకడు. వాళ్ళను దించి తీసుకెళ్తున్నప్పుడు ఒక నావికుడు చొక్కాలోంచి తెల్లపిల్లిని తీసి తాత చేతుల్లో పెట్టి, "ఖావ్ మణీ, ఖావ్ మణీ" అన్నాడట. తాతకి అది హిందీలో 'తిను' అన్నట్టు వినిపించింది. పిల్లి పేరు మణి, ఆకలిగా ఉన్నట్టుంది, "ఖావో, మణీ" అంటున్నాడు అనుకున్నాడు. వెంటనే పోయి ఒక చేప తెచ్చి పెట్టాడు. ఆ పిల్లి అప్పటికే కడుపుతో ఉంది.

అప్పటినుంచీ రెండు పూటలా స్టీలు పళ్ళెం నేలమీద పెట్టి, "ఖావో, మణీ" అనేవాడు. మా వీధంతా ఆ పిలుపు విని అన్నానికి లేచేది.

మా ఇంట్లో బడి మెట్లెక్కినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. కాలేజీలో ఉన్నప్పుడు ఫోన్లో వెతికితే తెలిసింది: ఖావ్ మణీ అనేది ఒక అరుదైన థాయ్ జాతి పేరు. ఖావ్ అంటే తెలుపు, మణి అంటే మన మణే. వాళ్ళ పాత పద్యాల పుస్తకాల్లో ఈ తెల్లపిల్లి ఉందట. రాజుగారి కోటలో పెంచుకునేవారట, చాలాకాలం బయటివాళ్ళకి ఇచ్చేవారు కాదట. కొన్నిటికి ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు. మనిషిని వదిలి ఉండలేవు, ఒంటరిగా వదిలితే దిగులుపడతాయి. చదువుతుంటే నాకు తాత అరుగే కనిపించింది.

పరుగెత్తుకెళ్ళి చెప్పాను. తాత చాలాసేపు నవ్వాడు.

"ఓలె గుంటా! అయితే ఆడు పేరు సెప్తే నాను తిండెట్టీసినానా?"

"అవును తాతా. ఇన్నేళ్ళూ తప్పు పిలిచావు."

"పేరు తప్పయితే ఏటే? పళ్ళెం తప్పలేదు కదా. దాన్నే అడుగు."

మరి మన మణి అచ్చం ఆ జాతిదేనా అంటే చెప్పలేను. కాగితాలు లేవు. ప్రతి కాన్పులోనూ మన జంగ్లీఘాట్ గండుపిల్లుల రక్తం కలిసింది. ఒకటో రెండో తెల్లవి పుట్టేవి, మిగిలినవి చారలవి. ఇప్పుడున్న తెల్లది ఇదొక్కటే. దీనికీ ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు; నీలం కన్ను వైపు చెవి వినపడదు. ఆ సంగతి కనిపెట్టినవాడూ తాతే. ఎప్పుడూ పసుపు కన్ను వైపే కూర్చునేవాడు.

"ఇనపడే ఏపు కూకుని మాటాడాల, పిల్లితోనైనా మనిసితోనైనా" అనేవాడు.

ఆ మాటే నన్ను చదివించింది. పన్నెండో తరగతి అయ్యాక నాన్న చాలన్నాడు. అమ్మ ఏడ్చింది, నేను అన్నం మానేశాను, నాన్న కదల్లేదు. తాత మాత్రం మూడు రోజులు నాన్న పక్కన కూర్చుని ఆయనతో కలిసి వల చిరుగులు కుట్టాడు. నాలుగో రోజు నాన్నే నన్ను కాలేజీకి తీసుకెళ్ళాడు. ఏం చెప్పావని తాతని అడిగితే, "నీ బాబుకి వల సేతిలో ఉన్నప్పుడే సెవులు తెరుసుకుంటాయే" అన్నాడు.

తాత కొడుకు ఓడ ఉద్యోగి. నెలాఖరుకు క్వార్టర్స్‌కి మారుతున్నారు. కోడలు, నేను అత్తా అని పిలుస్తాను, నా చెయ్యి పట్టుకుని, "క్యా కరూఁ, ఏం చెయ్యను చెప్పు! మా చిన్నోడికి సాఁస్ పట్టేస్తంది, ఊపిరాడదు, పిల్లి బొచ్చు పడదు. మీ మావేమో జెట్టీ కాడ వదిలేద్దాం, చేపలు తిని బతుకుద్ది అంటన్నాడు" అంది. ఆమెను తప్పుపట్టలేను. కానీ జెట్టీ దగ్గర ఆటోలు, కుక్కలు, ఐసు లారీలు. నీలం కన్ను వైపునుంచి ఏది వచ్చినా దీనికి వినపడదు. ఒక్కరోజు కూడా బతకదు. ఉద్యోగం వచ్చాక నేనుంటున్న హాస్టల్లో అడిగాను, బతిమాలాను, కుదరదన్నారు. మా ఇంట్లో పెడదామంటే, నాన్న చేపలెండబెట్టే వాకిట్లో రెండు కుక్కలున్నాయి.

తాత పోయాక మూడు రోజులు మణి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పళ్ళెం పెట్టాను, పిలిచాను, నోటికందించాను. ఎముకలు చేతికి తగులుతున్నాయి. చదువుకున్నదాన్ని, ఒక్క ముద్ద తినిపించలేకపోయాను. నాలుగో రోజు ఏడుస్తూ కూర్చుంటే గుర్తొచ్చింది, నేను కూర్చున్నది నీలం కన్ను వైపు. లేచి పసుపు కన్ను వైపుకి వచ్చి, తాత గొంతు తెచ్చుకుని, "ఖావో, మణీ" అన్నాను. నా ముఖం చూసింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. తర్వాత రెండు ముక్కలు తింది.

ఇప్పుడు రోజూ పనికి ముందొకసారి, పని తర్వాతొకసారి వెళ్తున్నాను. ఎవరో ఒకరు పక్కన కూర్చుంటేనే తింటుంది. నేను వెళ్ళేసరికి గడపమీద ఉంటుంది, పసుపు కన్ను వైపు వీధికి తిప్పి.

ఇది చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా దానికి చోటుంటే, ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీలోగా ఈ పత్రికకి ఒక్క మాట రాయండి. ఊళ్ళోనే డిగ్నాబాద్ అయినా, అవతలి ఏ దీవి అయినా, నేనే తెచ్చి అప్పగిస్తాను. మీరు చేయవలసింది ఒకటే. పసుపు కన్ను వైపు కూర్చుని, తాతలాగే తప్పుగా పిలవండి.