అండర్‌పాస్ దాటేదాకా డిజ్రేలీ

లండన్ పక్కనున్న స్లౌ ఊళ్ళో సదాశివం అంకుల్‌ని ఏ సంగతి అడిగినా జవాబు ఎవరో ఒక బ్రిటిష్ కన్జర్వేటివ్ పార్టీ ప్రధాని దగ్గర మొదలవుతుంది. ఎప్పుడు పూర్తవుతుందో మాత్రం అడగకూడదు.

ఎమ్మెస్సీ చదవడానికొచ్చి ఆయనింట్లో అద్దెకు దిగిన మధులిక మొదటిరోజే పొరపాటు చేసింది.

"అంకుల్, హీటింగ్ ఎలా వెయ్యాలండీ?"

"రాబర్ట్ పీల్ తెలుసామ్మా నీకు?" అంటూ ఆయన కుర్చీ లాక్కున్నారు.

పీల్ ధాన్యం సుంకాలు రద్దుచేసి, సొంత పార్టీ చేతిలోనే దెబ్బ తినేసరికి ఆ పిల్ల రెండు స్వెటర్లు తొడుక్కుంది. హీటింగ్ ఆయన భార్య కస్తూరి ఆంటీ వచ్చి వేసింది.

కథ మధ్యలో ఆయన కళ్ళు అరమూసి కిటికీలో వాన చూస్తూ ఉండిపోయేవారు. ఆ వానలో గుర్రపుబళ్ళు పోతున్నట్టూ, ఆనాటి ప్రధాని డిజ్రేలీ టోపీ తీసి తనకే నమస్కారం పెట్టినట్టూ ఆయన మొహం వెలిగిపోయేది. చూస్తున్న మధులికకు కూడా కాసేపు ఏ కాలంలో ఉందో తెలిసేది కాదు.

నవంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. స్టేషన్‌కీ ఇంటికీ మధ్య ఉన్న అండర్‌పాస్‌లో ఎవరో మధులిక బ్యాగ్ లాక్కుని పారిపోయారు. అప్పట్నుంచి అక్కడికొస్తే కాళ్ళు కదలవు. సాయంత్రం క్లాసులు మానేస్తే కోర్సు పోతుంది, కోర్సుతో వీసా పోతుంది.

"ఇండియా వెళ్ళిపోతానాంటీ," అని వంటింట్లో ఏడ్చేసింది.

మర్నాడు స్టేషన్ బయట అంకుల్ నిలబడి ఉన్నారు.

"ఇంట్లో వినేవాళ్ళు లేక ఛస్తున్నానమ్మా. పద, డిజ్రేలీ మిగిలిపోయాడు."

ఇక రోజూ అదే వరస. తీరిగ్గా నడిచే కథ అండర్‌పాస్‌లోకి దిగగానే పరుగందుకునేది. పీల్ పదవి పోయేదీ అక్కడే, యుద్ధం గెలిచిన చర్చిల్ ఎన్నికల్లో ఓడేదీ అక్కడే, థాచర్‌ మీద సొంత మంత్రులే తిరగబడేదీ అక్కడే. "ఆ తర్వాతండీ?" అనేలోపు వీధిదీపాలు వచ్చేసేవి. పాపం పెద్దాయన సరదా తీరుస్తున్నానని మధులిక అనుకునేది.

ఫిబ్రవరిలో జలుబు చేసి ఆయన గొంతు దాదాపు పోయింది. అయినా మఫ్లర్ చుట్టుకుని వచ్చారు. ఇంతలో ఆంటీ ఫోను.

"మీ అంకుల్‌ని చెయ్యి పట్టుకుని తీసుకురా అమ్మా. ఆయనకి చీకటంటే చచ్చేంత భయం. పెరట్లో చెత్త బిన్‌ దగ్గరికి కూడా నేనే వెళ్ళాలి."

"మరి రోజూ స్టేషన్‌కి ఒక్కరే వస్తున్నారు కదాంటీ?"

"ఆ ప్రధానులందర్నీ తనకి తనే చెప్పుకుంటూ వస్తారు. ఇవాళ గొంతు లేదుగా."

మధులిక ఫోను పెట్టేసింది. అండర్‌పాస్ దగ్గర ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇవాళ నేను చెప్తా వినండంకుల్. పీల్‌ని దించేసింది చర్చిలే కదూ?"

అంకుల్ గుడ్లు తేలేశారు. వందేళ్ళ తేడా! రెండు చేతులూ అడ్డంగా ఊపారు.

"అయితే థాచరా?"

ఆయన నెత్తి బాదుకున్నారు. వేళ్ళతో గాలిలో సంవత్సరాలు రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు. ఆ కోపంలో ఇద్దరూ ఎప్పుడు బయటికొచ్చారో ఆయనకు తెలియలేదు. తెలిశాక వెనక్కి తిరిగి చీకటిని చూశారు, తర్వాత మధులికను చూశారు.

"నీకు చరిత్ర బొత్తిగా రాదమ్మాయ్," అన్నారు గరగరమంటూ.

"రాదండీ. రేపు కూడా నేనే చెప్తాను," అంది మధులిక.