మోరీ గోడ మీద సర్కారు బాకీ

ప్రభుత్వానికి కూడా చేతిలో డబ్బు ఆడదని ఇప్పుడు పేపర్లో చదువుతుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో, అక్షరం ముక్క రాకముందే, ఆ సంగతి నాకు తెలుసు. డెబ్బైల్లో వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు, పుంగనూరు పక్కన కరువు పని కింద రోడ్డు వేస్తున్నారు. నాకు ఇరవై ఏళ్లుంటాయి. పని దగ్గరే మూడు రాళ్లు పెట్టి, రాగి సంగటి వండి అమ్మేదాన్ని. పనివాళ్లకు వారం వారం ఇస్తామన్న కూలి నెల దాటినా రాలేదు. అడిగితే "పైనుంచి రాలేదు" అనేవాడు గొడుగు మేస్త్రీ (నీడలో కూడా గొడుగు దించని మనిషి). పైన అంటే ఎక్కడో తెలియక నేను ఆకాశం వైపు చూసేదాన్ని. అక్కణ్నుంచి వానా రాలేదు, కూలీ రాలేదు.

తినకుండా ఎవరూ గడ్డపార ఎత్తలేరు కదా, అందరికీ అరువు పెట్టాను. రాగుల కోసం నా కాళ్ల వెండి కడియాలు అంగడి శెట్టి దగ్గర కుదువ పెట్టాను. మరి లెక్క ఎక్కడ రాసుకోవాలి? రోడ్డు కింద వాన నీళ్లు పోవడానికి కొత్తగా కట్టిన మోరీ గోడ నున్నగా కనబడింది. బొగ్గుతో మీసాల మామకు మీసం, చెవిటి అవ్వకు చెవి, మేస్త్రీకి గొడుగు గీసి, ముద్దకొక గీత పెట్టాను (గొడుగు కిందే గీతలు ఎక్కువ).

ఒకరోజు పెద్ద ఆఫీసరు వస్తున్నాడని మేస్త్రీ సున్నం బక్కెట్టుతో వచ్చాడు. ఆ గీతలు పోతే నా కడియాలు పోయినట్టే. గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

"లేమ్మే, సున్నం కొట్టాల. సర్కారు గోడ అది."

"గీతలు నావి గదప్పా. ముందు నీ గొడుగు కింద ఎన్ని ఉండాయో సూసుకో."

అంతలో జీపు వచ్చింది. ఆఫీసరు దిగి, "ఏమిటమ్మా ఈ బొమ్మలు?" అన్నాడు.

"సర్కారు నాకియ్యాల్సిన బాకీ సార్."

"సర్కారు నీ దగ్గర అప్పు చేసిందా?"

"కూలి మీరియ్యలా. వాళ్ల కడుపు నేను నింపినా. మీ రోడ్డు పడింది. అప్పు గాక ఇంకేంది సార్?"

ఆయన నవ్వాడు. "సర్కారే అప్పు తెచ్చి ఇవ్వాల్సొస్తోందమ్మా."

"నేనూ తెచ్చే పెడతాండాను సార్. మీరేం కుదవ పెట్టినారో గానీ, నేను కడియాలు పెట్టినా."

ఆయన నా బోసి కాళ్ల వైపు చూశాడు. నవ్వు ఆగింది. "ఈ గోడకు ఇప్పుడే సున్నం కొట్టొద్దు," అని మేస్త్రీకి చెప్పి జీపెక్కాడు.

మరుసటి వారం ఆ గోడ ముందే కూలి పంచారు. ఒక్కొక్కరూ నా బాకీ తీర్చి, తడిచేత్తో తమ బొమ్మ తుడిచేశారు. చెవిటి అవ్వ ఒక గీత ఎక్కువుందని పోట్లాడి మరీ తుడిచింది. చివరికి గొడుగు కూడా పోయింది. నా కడియాలు నా కాళ్లకొచ్చాయి. రాణిలాగా నడిచాను ఆ రోడ్డు మీద.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని, మొన్న ఆ మోరీ మీది రాయిని కూడబలుక్కుని చదివాను. 'ప్రభుత్వ నిధులతో నిర్మించినది.' అందులో నా సంగటి కూడా ఉందని రాయి చెక్కినవాడికి తెలియదు పాపం. పక్కన ఒక ముద్ద గీయాలనిపించింది. సంచిలో పెన్ను ఉంది, కానీ నా కళ్లు బొగ్గు ముక్క కోసం వెతికాయి.