బావ మార్చిన పాటలు

మా బావ మా దీవుల్లోని హాడో పేటలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఆయనకు వచ్చింది కూర్చోవడం ఒక్కటేనని మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

తుష్నాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ ఏటా అక్కడి గంగమ్మ గుడి పండగలో పాటలు పాడేది. ఆ ఏడు ఆమె గొంతుకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. మళ్ళీ పాడగలదో లేదో డాక్టర్లు చెప్పలేకపోయారు. అందుకని ముందే వెళ్లి ఆమె పాటలన్నీ నా ఫోన్‌లో రికార్డు చేశాను. వాటిని పండగకి గుడి మైకులో వేయాలని ఆమె కోరిక. గుడిలో ఉన్నదేమో ముసలి సీడీ ప్లేయరు. ఫోన్ ఫైళ్లు దానికి అర్థం కావు. వాటిని ఆడియో సీడీకి సరిపడేలా మార్చి, డిస్కు మీద రాయాలి.

"నాకొదిలెయ్. పాంచ్ మినిట్ కా కామ్" అన్నాడు బావ, దీవిలో అందరిలాగే హిందీ కలిపి.

ఆయన చేసిందేమిటంటే, ఒక్కో ఫైలు పేరు చివర అక్షరాలు చెరిపి వేరే అక్షరాలు కొట్టడం, వాటినే డిస్కులోకి కాపీ చెయ్యడం.

"ఏటి బావా, పేరు మార్చేస్తే పాట మారిపోద్దా?" అన్నాను.

"నీకు తెల్దు, చుప్ రహో. ఆఫీసులో రోజూ ఇదే నా పని."

పాపం ఆ ఆఫీసు!

పండగ మొదటిరోజు పెద్దమ్మ మెడకు కట్టుతో ముందు వరసలో కూర్చుంది. ప్లేయరు డిస్కును గిరగిరా తిప్పి ఊరుకుంది. మైకులో గుర్రుమనే చప్పుడు తప్ప మరేమీ లేదు. బావ ప్లేయరు నెత్తిన రెండు దెబ్బలు వేసి, "డిస్క్ హీ బేకార్ హై" అని తప్పంతా డిస్కు మీదకి నెట్టేశాడు. పెద్దమ్మ తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రాత్రే షాదీపూర్‌లో మా ఇంటికొచ్చి, పాటలను నిజంగానే మార్చి, ఆడియో సీడీ రాశాను. పక్కింటి పాత ప్లేయరులో చివరిదాకా విన్నాకే కదిలాను.

రెండోరోజు ఆమె గొంతు ఊరంతా మోగింది. ఆడవాళ్లు వంత పాడారు. పెద్దమ్మ పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదిలాయి. ప్లేయరు పక్కన చేతులు కట్టుకుని నిలబడిన బావ, "కన్వర్ట్ కర్నా ఆసాన్ నహీ హై, భయ్యా" అని, పాటలు మార్చింది తానే అన్నట్టు అందరికీ చెబుతున్నాడు.

పెద్దమ్మకు పాట తిరిగి రాలేదు. కొన్నాళ్లకు బొంగురుగా మాట మాత్రం వచ్చింది. చూడ్డానికి వెళితే నన్ను దగ్గరకు పిలిచి అంది:

"డాక్టరు నా గొంతే కోసేడే. మీ బావ నా పాట పీకే కోసీసేడు."