నీళ్ల ట్రాలీ ఏవరేజ్

కొత్త బండి కొన్నవాడిని మనవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే, "ఏవరేజ్ ఎంతిస్తుంది?" అని. ఆ మాట చెవిన పడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాడి తప్పేం లేదు. కానీ నిక్షేపంలాంటి మనిషిని ఆ మాట నా కళ్లముందే పీక్కుతింది, నేనేం చేసేది?

డెబ్బైల చివర్లో మేము దబీర్‌పురా స్టేషను వెనక గల్లీలో ఉండేవాళ్లం. నేను బస్తీ బళ్లో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి, లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన ఒక సర్కారీ ఆఫీసులో డ్రైవరు. ఎండాకాలం నల్లాలు ఎండిపోగానే ఆఫీసు పికప్ బండికి వెనక నీళ్ల ట్రాలీ తగిలించి ఆయన్ని బస్తీల మీదికి పంపేవాళ్లు. పొద్దున్నే ధూల్‌పేట్ ఎత్తులు ఎక్కాలి, ఆ తర్వాత దారిలోని బస్తీలు, అన్నిటికన్నా చివర మా గల్లీ. సొంత గల్లీలో ముందు నీళ్లు పోస్తే నలుగురూ నాలుగు మాటలంటారని తనే మమ్మల్ని చివర పెట్టుకున్నాడు. అదో పెద్దరికం! నేను పోట్లాడాను. వింటేగా!

రోజూ పొద్దున ఆఫీసులో పెట్రోలు కొలిచి పోసేవాళ్లు. ఆ కొలత ఖాళీ బండి లెక్క మీద కట్టింది. వెనక టాంకీ నిండా నీళ్లుంటే బండి ఎంత తాగుతుందో ఎవడూ పట్టించుకోలేదు. ఎత్తు ఎక్కాలంటే ఫస్టు గేరు, గల్లీలో వాకిలి వాకిలికీ ఆగి మళ్లీ కదలాలంటే మళ్లీ ఫస్టు గేరు. మా గల్లీకి వచ్చేసరికి బండి దగ్గడం మొదలుపెట్టేది. రెండు మూడుసార్లు స్టేషను దగ్గరే ఆగిపోతే, ఈయన డబ్బా పట్టుకుని ఆఫీసుకు నడిచిపోయి ఇంకాస్త పెట్రోలు అడిగి తెచ్చాడు. ఆ అడగడంతో మొదలైంది.

అక్కడి ఆఫీసరు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. నోరు మంచిది, ఎవర్నీ తిట్టడు. అందుకే నాకు ఇంకా కోపం. తిట్టేవాడైతే మనమూ రెండు తిట్టి ఊరుకోవచ్చు.

"చూడు బాబూ, ఈ బండి లీటరుకు ఎంతివ్వాలో కంపెనీవాళ్లు రాసిచ్చారు. నువ్వు చూపించేది అందులో సగం కూడా లేదు. మిగతాది ఎక్కడికి పోతోంది?" అని అడిగాడట.

"సార్, గది ఖాళీ బండి లెక్క. ఎనక టాంకీల నీళ్లున్నయ్ గద."

"నీళ్లు కూడా పెట్రోలు తాగుతాయా?"

ఆఫీసు ఆఫీసంతా నవ్విందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ ఈయన కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఎక్కడికి పోతోంది అంటే అమ్ముకుంటున్నావా అనే కదా అర్థం. వారం తిరిగేసరికి తోటి డ్రైవర్లు కూడా ఈయన్ని చూసి మాట మార్చడం మొదలుపెట్టారు. ఆయన అన్నం కెలికి లేచిపోయేవాడు. "తినవయ్యా, నువ్వు పస్తుంటే బండి ఏవరేజ్ పెరుగుతదా?" అని నేను విసుక్కునేదాన్ని. పైకి విసుగే కానీ లోపల భయం. స్టీరింగ్ తప్ప వేరే పని తెలియని మనిషి. ఆ స్టీరింగ్ దొంగ పేరుతో పోతే ఇంక బతకడు అనిపించేది.

చివరికి ఆ ఆఫీసరే ఒక పరీక్ష పెట్టాడు. టాంకు నిండా పెట్రోలు పోయించి, మూతకు తాళం వేసి, తాళంచెవి తన దగ్గర ఉంచుకుంటాడు. ఈయన రోజూ తిరిగినట్టే ట్రాలీతో తిరిగి రావాలి. సాయంత్రం తాళం తీసి ఎంత తగ్గిందో చూస్తారు. న్యాయమైన పరీక్షే, కాదనను. ఈయనకైతే పండగ వచ్చినట్టయింది.

"రేపటితోని తేలిపోతదే! తాళమేసినంక గూడ గంతే తాగుతదని ఆయన కండ్లతోనే చూస్తడు," అంటూ అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు. ఆ సంతోషం పట్టలేక గల్లీ అంతా తిరిగి అందరికీ చెప్పొచ్చాడు. ధూల్‌పేట్‌లో ఉండే మా ఆడబిడ్డకు కూడా కబురు పోయింది.

మా గల్లీకి పెద్దదిక్కు ఒక పెద్దమ్మ. బీడీలు చుట్టేది. ఆమె నోటికి రైల్వేవాళ్లు కూడా దడిసేవాళ్లు. "మనోనికి పరీక్ష పెట్టిన్రంట. నీళ్లు తాగినోళ్లం, మనం సూసుకుంట కూసుంటమా?" అంది. సైకిల్ షాపు భాయ్ ఈయన భుజం తట్టి, "ఫికర్ మత్ కరో భాయ్, హమ్ హైఁ నా," అన్నాడు, మేముండగా దిగులెందుకని. ఏం చేయబోతున్నారో మాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు ధూల్‌పేట్‌లో బండి ఆగగానే మా ఆడబిడ్డ వాళ్ల వాడ మొత్తం చుట్టూ మూగిందట. బొమ్మలు చేసేవాళ్లు మట్టి చేతులతోనే వచ్చేశారట. "అన్నా, ఇంజన్ బంద్ చెయ్. మేం తోస్తం." ఈయన వద్దు వద్దంటున్నా ట్రాలీ వెనక చేరి ఎత్తు మీదికి తోసుకుపోయారట. వాకిలి వాకిలికీ తోపుడే. కబురు బండికన్నా ముందు నడిచింది. ఏ బస్తీకి పోయినా జనం కొంగులు బిగించి సిద్ధంగా ఉన్నారు.

మా దగ్గర పట్టాలకు ఎక్కే ఎత్తు ఒకటుంది. అక్కడ గల్లీ గల్లీ అంతా నిలబడింది. బడి వదిలి నేనూ పోయాను, చేతులకు సుద్దపొడి కూడా కడుక్కోలేదు. "హైసా!" అని పెద్దమ్మ అరవడం, మేమంతా ట్రాలీని నెట్టడం. నీళ్లు తొణికి నెత్తిన పడుతుంటే కేరింతలు. ఈయన కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు.

"ఏయ్ పంతులమ్మా! నువ్వు గూడనా?" అని పగలబడి నవ్వాడు. ఎన్నాళ్లకు నవ్వాడో! నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఒక్కరికైనా తట్టాలి కదా? తట్టలేదు. బడిలో లెక్కలు చెప్పే నాకూ తట్టలేదు, ముప్పొద్దులా ఆ బండిలోనే బతికే ఆయనకూ తట్టలేదు. పెట్రోలు ఎక్కువ కాలుతోందన్నదే నేరమైతే, తక్కువ కాలితే నేరం పోయినట్టే కదా అనుకున్నాం అందరం.

సాయంత్రం ఆయన వచ్చేసరికి మా వాకిట్లో జనం. "పాసైనవా బిడ్డా?" అంది పెద్దమ్మ.

"అయిన," అన్నాడు.

గల్లీ ఎగిరి గంతేసింది. భాయ్ అందరికీ చాయ్ తెప్పించాడు. ఈయన గ్లాసు పట్టుకుని అలాగే లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. ముఖం చూడగానే ఏమైందని అడిగాను.

ఆఫీసరు తాళం తీసి చూశాడట. పెట్రోలు తగ్గీ తగ్గనట్టుంది. ఆయన కోప్పడలేదట, నిదానంగానే అన్నాడట: "తాళం వేసిన రోజు బ్రహ్మాండంగా ఇచ్చింది. తాళం లేని రోజులే ఇవ్వడం లేదు. ఇంక నేనేం అడగాలి చెప్పు?"

"జనం తోసిన్రని చెప్పకపోతివా?" అని అరిచాను.

"చెప్తె ఇయ్యాల మోసం చేసినవంటడు. చెప్పకపోతె ఇన్ని దినాలు దొంగతనం చేసినవంటడు. ఏది ఒప్పుకోమంటవే?"

"పెద్దమ్మను తీసుకుపోదాం. అందరం పోయి చెబుదాం."

"వద్దు. నా మీద పాణంతోని తోసిన్రే వాళ్లు. మీరు తోసుట్లనే నా కొంప మునిగిందని ఏ నోటితోని చెప్పాలె?" అంటూ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. బయట ఆయన పేరు చెప్పి నవ్వుకుంటున్నారు. లోపల ఆయన ఏడుస్తున్నాడు. నేను నోటికొచ్చినట్టు ఆఫీసరును తిట్టాను, బండిని తిట్టాను, ఆయన్ని కూడా తిట్టాను.

ఆయన్ని బండి మీంచి దింపి ఆఫీసు వాకిట్లో గేటు దగ్గర కూర్చోబెట్టారు. గల్లీలో మాత్రం లోపలి డ్యూటీ ఇచ్చారని చెప్పుకున్నాం. అంతటితో పోలేదు. ఆ రోజు ఎంత కాలిందో అదే కొలత ఖాయం చేసి, కొత్త డ్రైవరుకు అంతే పోయడం మొదలుపెట్టారు. ఇంకేముంది, ఆ పెట్రోలు సగం దారిలోనే అయిపోయి ట్రాలీ మా దరిదాపులకే రావడం మానేసింది. బిందెలు ఎండలో వరసగా ఎదురుచూసేవి. పిల్లలు గొంతెండి బళ్లో తూగేవాళ్లు.

ఒక సాయంత్రం బయట లొల్లి వినబడి ఇద్దరం పరిగెత్తాం. కొత్త డ్రైవరు ఖాళీ డబ్బా పట్టుకుని కాలినడకన మా గల్లీలోంచి పోతుంటే అందరూ చుట్టుముట్టారు. పెద్దమ్మ అతని కాలరు పట్టుకుని ఊపేస్తోంది.

"మా పెట్రోలు ఎవనికి అమ్ముకుంటున్నవ్ రా, దొంగ ముఖపోడా!"

"ఇడువు పెద్దమ్మా!" మా ఆయన జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాడు. "గాయన దొంగ గాదు. గాయన దొంగైతె నేను గూడ దొంగనే."

పెద్దమ్మ కాలరు వదిలేసింది. ఆయన ముఖంలోకి చూసి పకపకా నవ్వింది.

"నువ్వు దొంగవెట్లయితవ్ కొడకా? మేమందరం తోసి పాస్ చేపిచ్చినం గద!"

గల్లీ అంతా ఔనౌనంది. కొత్త డ్రైవరు తలెత్తి మా ఆయన్ని తేరిపార చూశాడు. ఇప్పుడన్నా మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేస్తాడనుకున్నాను, చెప్పెయ్ అని మనసులో అరిచాను కూడా.

"ఔ పెద్దమ్మా," అన్నాడాయన. "మీ పున్యాన పాసైన."